న్యాయస్థానపు పుల్లరి

కోర్టులో నోడినవాడు కోర్టులోనే యేడ్చెననియు, గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చెననియు మనవారిలో నొక సామెత కలదు. దీనిని విని నవ్వనివారు లేరు. నవ్విన పిమ్మట నాలోచించువారు మాత్ర మరుదు. ఓడినవాని యేడ్పునకు కారణ మెల్లరకును తెలియును. గెలిచినవాడేల యేడ్వవలయును? తన పక్షమున ధర్మము కలదని న్యాయస్థానమే చెప్పిన పిమ్మట వాని కంట నీరేల? ఆ తీర్పును సంపాదించుటకు వాడు చెల్లించిన సొమ్ము వానికి తిరిగి రాదు గనుక. ఇది సామెత గాదు, చరిత్ర. అందును ప్రతివాది ప్రభుత్వమైనప్పుడు ఈ చరిత్ర మరింత విషాదకరము.

మేమును వకీలు వృత్తిలో నుండువారమే. కావున నీ విషయమును పరుల నోట విని వ్రాయుట లేదు. మా యొద్దకు కొన్ని సంవత్సరముల క్రిందట ఒక చిన్న కంట్రాక్టరు వచ్చెను. సిమెంటు రోడ్లు, మురుగుకాలువలు కట్టి పొట్టపోసికొనువాడు. ఒక స్థానికసంస్థ పిలిచిన టెండరునకు ధర వేసెను. అందరికంటె తక్కువ ధర వానిదే. అయినను ఏదో యొక కాగితము సరియైన చోట జతపరుపలేదని వాని టెండరును ప్రక్కకు నెట్టిరి. పని దక్కినవానికి ప్రకటనలో కోరిన అనుభవమే లేదు. ఈ సంగతి కాగితములలో స్పష్టముగా నుండెను. మేము హైకోర్టులో రిట్టు వేయించితిమి. వాయిదాలు గడచెను. పని సాగుచునే యుండెను. తుదకు తీర్పు వచ్చెను: పని యిచ్చిన తీరు నిబంధనలకు విరుద్ధము, చట్టమునకు నిలువదు. కాని పని ముప్పాతిక పూర్తియైనది గనుక దానిని కదలింపరాదు. చివరి వాక్యము: ఖర్చులు లేవు.

తీర్పు నకలు చేతికిచ్చినప్పుడు ఆ మనుష్యుడు దానిని కన్నుల కద్దుకొని, "ప్లీడరుగారూ, గెలిచాం గదా. మన ఖర్చులు ఎప్పుడొస్తయి?" అని యడిగెను. రావని చెప్పుటకు మాకు నోరాడలేదు. చెప్పిన పిమ్మట వాడు కొంతసేపు మిన్నకుండి, "అయితే తప్పు చేసింది వాళ్ళు, జరిమానా కట్టింది నేనా?" అనెను. పదునైదు సంవత్సరములకు పైగా న్యాయశాస్త్రము చదివి వాదించిన మాకు ఆ ప్రశ్నకు సమాధానము నేటికిని దొరకలేదు. అందుకే యీ వ్యాసము.

పల్నాటివారికి పుల్లరి యన నేమో చెప్పనక్కరలేదు. అడవిలో పశువులను మేపుకొనుటకు పరప్రభుత్వము విధించిన పన్ను అది. దానిని ఇయ్యమని నిలిచి కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో మించాలపాడున తుపాకి గుండ్లకు ప్రాణములర్పించెను. తరతరములుగా తమదైన అడవిలో పశువు మేయుటకు పన్నేల యని యాతని ప్రశ్న. తన సర్కారు చేసిన తప్పును తన న్యాయస్థానములో చూపుటకు పౌరుడు తన సొంత సొమ్ము పోగొట్టుకొనవలసి వచ్చుట పుల్లరి గాక మరేమి? ఆనాటి పుల్లరిని అమీనులు వసూలు చేసిరి. నేటి పుల్లరిని తీర్పు చివరనున్న రెండు మాటలు వసూలు చేయుచున్నవి. భేదమింతే.

చట్టమేమి చెప్పుచున్నదో మొదట చూతము. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 35వ సెక్షను ఖర్చుల విషయమున న్యాయస్థానమునకు పూర్ణాధికార మిచ్చినది. ఆ అధికారమునకు జోడుగా నొక నియమమును పెట్టినది. జయాపజయముల ననుసరించియే ఖర్చులుండవలెను. అట్లు గాదని న్యాయస్థానము తలంచినచో అందులకు కారణములను వ్రాతపూర్వకముగా చెప్పవలెను. అనగా గెలిచినవానికి ఖర్చులిచ్చుట సాధారణ ధర్మము, ఈయకుండుట మినహాయింపు, ఆ మినహాయింపునకు కారణము కావలెను. ఇంతకంటె స్పష్టముగా శాసనకర్త చెప్పగలడా? మామూలు దావాలలో డిక్రీ యడుగున ఖర్చుల పట్టిక యొకటి యుండును. దావా స్టాంపు, వకాల్తా స్టాంపు, వకీలు ఫీజు, సాక్షుల బత్తెము, కమిషనరు ఫీజు, సమనుల ఖర్చు అని వరుసగా నుండును. ఆ పట్టికలోని అంకెలు కాలమునకు తగినవి కాకపోవచ్చును. కాని పట్టికయైన నున్నది.

ప్రభుత్వపు కంట్రాక్టును ప్రశ్నించువాడు పోవలసిన త్రోవ వేరు. వాడు రాజ్యాంగము 226వ అధికరణము క్రింద హైకోర్టునకు పోవును. సివిలు ప్రొసీజరు కోడు రిట్టులకు అదే విధముగా వర్తింపదని 1976వ సంవత్సరపు సవరణలో 141వ సెక్షనునకు చేర్చిన వివరణ చెప్పుచున్నది. కావున కారణము చెప్పవలెనను నిర్బంధము హైకోర్టును కట్టివేయదు. అధికారము లేదా యన, సంపూర్ణముగా కలదు. ఖర్చులు విధింపరాదని ఏ చట్టమును చెప్పలేదు. కాని యలవాటు చట్టముకంటె బలమైనది. "ఖర్చులు లేవు" అను మాట రిట్టు తీర్పుల చివర చుక్కవలె వచ్చి చేరుచున్నది. చుక్క పెట్టుటకు కారణమెవ్వడు చెప్పును?

ఇంకొక విడ్డూరము కలదు. 2015లో వాణిజ్య న్యాయస్థానముల చట్టము వచ్చినది. అందులో వాణిజ్య వివాదములనగా నేవో లెక్కించుచు, నిర్మాణపు కంట్రాక్టులను, టెండరులతో సహా, చేర్చిరి. ఒక పక్షము ప్రభుత్వమైనంత మాత్రమున వివాదము వాణిజ్య వివాదము గాకపోదనియు చెప్పిరి. ఆ వివాదముల కొరకు 35వ సెక్షనును క్రొత్తగా వ్రాసి, ఓడినవాడు గెలిచినవాని ఖర్చు లిచ్చుటయే సామాన్యనియమమని మరల నొక్కి చెప్పిరి. న్యాయవాది ఫీజును, సాక్షుల ఖర్చులును అందులో చేర్చిరి. అనగా టెండరు వివాదములో ఓడినవాడు ఖర్చు లీయవలెనను సూత్రమును పార్లమెంటే యంగీకరించినది. కాని టెండరు దక్కనివాడు తొందరగా న్యాయము కావలెనని రిట్టు వేసిన మాత్రమున నా సూత్రము వానికి దూరమగుచున్నది. ఒకే తప్పు, ఒకే ప్రతివాది, ఒకే కాగితములు. ద్వారము మారినంతనే ధర్మము మారునా?

సుప్రీముకోర్టు ఈ సంగతి నెరుగక పోలేదు. 2005లో సేలము న్యాయవాదుల సంఘపు వ్యాజ్యమున ఖర్చులనగా నిజముగా నైన, సమంజసమైన ఖర్చులై యుండవలెననియు, గెలిచినవాడు వెచ్చించిన కాలము, ప్రయాణము, బస, వకీలు ఫీజు, టైపు ఖర్చులు సైతము లెక్కలోనికి రావలెననియు చెప్పెను. అందులకు తగిన నిబంధనలు చేయుడని హైకోర్టుల కుద్బోధించెను. 2011లో సంజీవకుమార్ జైన్ వ్యాజ్యమున సంగతి వేరు మలుపు తిరిగెను. ఢిల్లీ హైకోర్టు నిజమైన ఖర్చులని 45 లక్షల రూపాయలకు పైగా విధింపగా, నిబంధనలలో లేనిదానిని విధింపరాదని సుప్రీముకోర్టు దానిని కొట్టివేసి, నిబంధనలనే మార్పుడని శాసనకర్తలకు చెప్పెను. దొంగవ్యాజ్యము వేసినవానిపై విధింపదగు పరిహారమునకు 35-ఎ సెక్షనులోని గరిష్ఠము 3,000 రూపాయలు. 1976 సవరణతో వచ్చిన యా మొత్తమే సాధారణ దావాలలో ఇప్పటికిని నిలిచియున్నది. 2012లో మన తెలుగువాడగు జస్టిసు పి. వెంకటరామరెడ్డిగారు అధ్యక్షులుగా నున్న లా కమిషను సివిలు వ్యాజ్యముల ఖర్చులపై 240వ నివేదికను సమర్పించెను. నివేదికలకు కొదువ లేదు. ఉత్తర్వులకు కొదువ.

ప్రభుత్వపు కంట్రాక్టుల చట్టమునకు పునాదిరాయియని చెప్పదగిన తీర్పు 1979లో వచ్చిన రమణ దయారామ్ శెట్టి వ్యాజ్యము. బొంబాయి విమానాశ్రయములో రెండవ తరగతి భోజనశాలయు, రెండు ఫలహారశాలలును నడుపుటకు టెండరు పిలిచిరి. ఐదు సంవత్సరముల అనుభవము గల రెండవ తరగతి హోటలు యజమానియే టెండరు వేయవలెనని షరతు పెట్టి, ఆ యర్హత లేనివారికి దాని నిచ్చిరి. తాను పెట్టిన షరతును తానే తప్పుటకు ప్రభుత్వ సంస్థకు హక్కు లేదని సుప్రీముకోర్టు ఘంటాపథముగా చెప్పెను. చెప్పి, అర్జీదారునకు ఉపశమన మీయ నిరాకరించెను. అతడు ఆలస్యముగా వచ్చెననియు, అతనికి సొంత ప్రయోజనము లేదనియు, పని దక్కినవారప్పటికే విశేషముగా సొమ్ము వెచ్చించిరనియు కారణములు చెప్పెను. ఆ కారణములు ఆ వ్యాజ్యమునకు తగినవే కావచ్చును. మేము దానిని విమర్శించుట లేదు. కాని పాఠకులొక్క సంగతి గమనింపవలెను. ఆ తీర్పులోని సూత్రముతో నేటివరకు దేశమున వేలాదిమంది తమ హక్కులను కాపాడుకొనుచున్నారు. సూత్రము దేశమునకు మిగిలెను. సూత్రమును తెప్పించిన పౌరుని చేతికి వచ్చిన దేమియు లేదు. లోకోపకారమునకు బావి త్రవ్వినవానికి కూలి దక్కకుండుట యొక యెత్తు. కూలి వానివద్దనుండియే వసూలగుట మరియొక యెత్తు.

ఇది యెక్కడివో పాత కథలని యనుకొనరాదు. మా సత్తెనపల్లికి కనుచూపు మేరలో జరిగిన సంగతి చెప్పెదము. 2016 జూలైలో అమరావతి రాజధానిలో 1,691 ఎకరముల అభివృద్ధికి స్విస్ ఛాలెంజి పద్ధతిపై ప్రకటన వెలువడెను. ఒకడు ముందుగా ప్రతిపాదన యిచ్చును. దానికంటె మేలైనది తెండని తక్కినవారిని పిలుతురు. ఇదియే యా పద్ధతి. ముందుగా నిచ్చినది సింగపూరు సంస్థల కూటమి. ఆ ప్రతిపాదనలోని యాదాయపు లెక్కలు తెలియకుండ దానికంటె మేలైనది తెమ్మనుట కన్నులు గట్టి పరుగు పందెమునకు పిలుచుట వంటిది. కొన్ని సంస్థలు హైకోర్టు కెక్కెను. సెప్టెంబరులో ఏకసభ్య న్యాయమూర్తి ఆ ప్రక్రియను నిలిపివేసెను. పిమ్మట ప్రభుత్వము చట్టమునే సవరించి, ఆ ప్రకటనను వెనుకకు దీసికొని, మరల క్రొత్త ప్రకటన చేసెను. 2017 మేలో ఆ కూటమితోనే యొప్పందము కుదిరెను. 2019 నవంబరులో, మరియొక ప్రభుత్వపు కాలమున, ఆ యొప్పందమే ముగిసిపోయెను. ఇందెవరిది రాజకీయముగా తప్పు, ఎవరిది ఒప్పు అను చర్చ మాకిప్పుడు వలదు. ఒక పక్షమువారు కట్టిరి, మరియొక పక్షమువారు మూసిరి. మా ప్రశ్న యొక్కటే. ఒక ప్రకటన చట్టముముందు నిలువదని వ్యాజ్యము వేయబడును. న్యాయస్థానము దానిని నిలుపును. ప్రభుత్వము తన ప్రకటనను తానే వెనుకకు దీసికొనును. ఇక వ్యాజ్యములో సారము లేదని మూసివేయుదురు. అట్టి వ్యాజ్యము వేసినవాడు గెలిచినట్లా, ఓడినట్లా? వాడు కోరినది జరిగినది. కాని కాగితముపై తీర్పు లేదు. తీర్పు లేనిచోట ఖర్చుల మాటయే పుట్టదు. సర్కారు వకీళ్లకీ యుపాయము చక్కగా తెలియును. ఓడునట్లు తోచినప్పుడు ఉత్తర్వును రద్దు చేసికొని బయటపడవచ్చును. ఎదుటివాని జేబు మాత్రము ఖాళీ.

ఇతర దేశములవా రీ చిక్కు నెట్లు విప్పుకొనిరో చూచుట తప్పుగాదు. అమెరికాలో 1984వ సంవత్సరపు కంట్రాక్టుల పోటీ చట్టము ప్రకారము టెండరుపై అభ్యంతరమును అక్కడి ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయమునకు పంపుకొనవచ్చును. 100 దినములలో అది తేలవలెను. అభ్యంతరము నిలిచినచో, దానిని నడపుటకైన ఖర్చులను, వకీలు ఫీజును, టెండరు తయారుచేయుటకైన ఖర్చులను సైతము ఆ శాఖయే చెల్లింపవలెనని సిఫారసు చేయుదురు. సిఫారసు చేరిన 60 దినములలోగా గంటగంటకు లెక్కవ్రాసి శాఖకు దాఖలు చేసికొనవలెను. ఆలస్యమైన హక్కు పోవును. పెద్ద సంస్థల వకీలు ఫీజునకు గంటకు 150 డాలర్లని సామాన్యముగా పరిమితి కలదు. చిన్న సంస్థలకు ఆ పరిమితి లేదు. స్పష్టముగా బలమున్న అభ్యంతరము వచ్చిన పిమ్మట శాఖ అనవసరముగా జాగుచేసి, తుదకు తన తప్పును తానే దిద్దుకొన్నను, ఖర్చులిమ్మని సిఫారసు చేయవచ్చును. చూచితిరా? పైన మేము చెప్పిన తప్పించుకొను త్రోవకే అక్కడ తలుపు వేసిరి. న్యాయస్థానములకు పోయినవారి కొరకు 1980లో మరియొక చట్టము చేసిరి. దాని ప్రకారము ప్రభుత్వమును గెలిచిన చిన్నవాడు, ప్రభుత్వపు వాదములో తగినంత సమంజసత లేనప్పుడు, తన వకీలు ఫీజును రాబట్టుకొనవచ్చును. ఐరోపాలో 1989 నాటి ఆదేశమును 2007లో బలపరచి, పని యెవరికో నిర్ణయించిన పిమ్మట కనీసము 10 దినములు ఒప్పందముపై సంతకము చేయకుండ ఆగవలెనని నియమించిరి. అడుగదలచినవాడు ఆ గడువులోనే యడుగును. రోడ్డు ముప్పాతిక పూర్తియైనదను మాట అక్కడ సులభముగా వినబడదు. పరదేశములవన్నియు మంచివని మేమనము. వారి వకీళ్ల ఫీజులు మనకు వలదు. కాని తప్పు చేసినవాడు మూల్యము చెల్లింపవలెనను ధర్మము ఏ దేశపు సొత్తును గాదు. మన గ్రామపు రచ్చబండకును తెలిసినదే.

ఇక నెదుటివారి వాదములను వినుట న్యాయము. ఖర్చు లిచ్చుట యారంభించినచో పని దక్కని ప్రతి కంట్రాక్టరును కోర్టునకు పరుగెత్తును, పనులన్నియు నిలిచిపోవును, ప్రజలకు రోడ్లు రావు, నీళ్లు రావు అని కొందరందురు. ఈ భయము వట్టిది గాదు. 1994లో టాటా సెల్యులర్ వ్యాజ్యమున, తాను అప్పీలు వినుటకు గాదు, తీరును పరిశీలించుటకు మాత్రమే యున్నానని సుప్రీముకోర్టు చెప్పుట కిదియు నొక కారణము. 1998 డిసెంబరులో రౌనక్ ఇంటర్నేషనల్ వ్యాజ్యమున ఇంకను కఠినముగా చెప్పెను. హైదరాబాదు కంట్రాక్టు సంస్థ యొకటి మహారాష్ట్ర విద్యుత్ బోర్డు పనిపై తెచ్చిన స్టేను గూర్చి విచారించుచు, అట్టి స్టే వలన పని జాగై ప్రజలకు కలుగు నష్టమునకు దానిని తెచ్చినవాడే జవాబుదారి కావలెననియు, తగిన సందర్భములలో ముందుగానే వానివద్ద జామీను దీసికొనవలెననియు నిర్దేశించెను. మే మీ సూత్రమును శిరసా వహింతుము. అబద్ధపు వ్యాజ్యము వేసి ప్రజల పని నాపినవాడు చెల్లింపవలసినదే.

కాని తక్కెడకు రెండు చిప్పలుండవలెను. అర్జీదారు ఓడినచో ప్రజలకు నష్టపరిహారము. ప్రభుత్వము ఓడినచో ఎవరి ఖర్చులు వారివి. ఇది యే తూనిక? ఒక చిప్పలో రాయి పెట్టి, మరియొక చిప్పను నేలకు కట్టివేసి, ముల్లు సరిగా నున్నదని చెప్పుట కోమటి కొట్టులో సైతము చెల్లదు. రౌనక్ తీర్పులోని ధర్మమునే మేము కోరుచున్నాము. రెండు వైపుల కోరుచున్నాము.

2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టమును సవరించి మౌలికసౌకర్యముల పనులను ఇంజంక్షనుతో ఆపరాదనిరి. 2022లో ఎన్.జి. ప్రాజెక్ట్స్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, పనిని ఆపుటకంటె అన్యాయముగా త్రోసివేయబడినవానిని నష్టపరిహారము కోరుకొమ్మనుట మేలని చెప్పెను. సరియే. పని సాగనిండు. కాని నష్టపరిహారమున కేది త్రోవ? మామూలు సివిలు దావా. కోరిన మొత్తమునకు తగినట్లు కోర్టు ఫీజు ముందుగా కట్టవలెను. సంవత్సరముల తరబడి వాయిదాలకు తిరుగవలెను. పని దక్కియుండిన లాభమెంత వచ్చెడిదో సాక్ష్యముతో రుజువు చేయవలెను. రోడ్లకు కంకర తోలించుకొను చిన్న కంట్రాక్టరు వలన నిది యగునా? పని నాపుమన్న ఆపరు. సొమ్మిమ్మన్న పది సంవత్సరముల త్రోవ చూపుదురు. ఖర్చులిమ్మన్న "లేవు" అందురు. మూడు తలుపులును మూసి, న్యాయమందిరము తెరచియే యున్నదని చెప్పుట వినుటకు చక్కగా నున్నది.

మరియొక వాదము కలదు. ప్రభుత్వము చెల్లించు ఖర్చులు ప్రజల సొమ్మే గదా, ఒక కంట్రాక్టరు కొరకు ప్రజలేల చెల్లింపవలెను? ఈ ప్రశ్న అడుగువారు మరియొక ప్రశ్న నడుగుట మరచుచున్నారు. ఆ వ్యాజ్యమును ఎదుర్కొనుటకు సర్కారు వకీలున కిచ్చిన ఫీజు ఎవరి సొమ్ము? తప్పుడు నిర్ణయమును సమర్థించుటకు ఖజానానుండి యెంతయైన ఈయవచ్చును గాని, ఆ తప్పును చూపినవానికి పైస యీయరాదా? అర్జీదారుడును పన్ను చెల్లించువాడే. అనగా వాడు తన వకీలున కిచ్చుచున్నాడు, తనపై వాదించు వకీలునకు నిచ్చుచున్నాడు. ఇక ప్రజల సొమ్ముపై నంత మమకారమే కలదేని మార్గము కలదు. 1993లో లక్నో డెవలప్‌మెంటు అథారిటీ వ్యాజ్యమున సుప్రీముకోర్టు దానిని చూపినది. పౌరునకు సంస్థ వెంటనే పరిహారము చెల్లించి, ఆ మొత్తమును బాధ్యులైన యుద్యోగుల జీతములనుండి రాబట్టవలెను. పొరపాటునకు గాదు, తెలిసి చేసిన అన్యాయమునకు. విచారణ చేసి, వారి సమాధానము విని, పిమ్మటనే. ఒక్కసారి యట్లు జరిగినచో టెండరు ఫైలు మీద సంతకము చేయు చేయి ఒక్క నిమిషమాగి నిబంధన చదువును. ఆ ఒక్క నిమిషమే ప్రజలకు లాభము.

2019 నుండి మన హైకోర్టు అమరావతి నేలపాడున నున్నది. సత్తెనపల్లి నుండి ఉదయము బయలుదేరి వాయిదా చూచుకొని సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును. హైదరాబాదునకు రాత్రి బస్సులో పోయి పడిగాపులు పడిన దినము లిప్పుడు లేవు. 2022 ఏప్రిలులో పల్నాడు జిల్లాయు నేర్పడినది. దూరము తగ్గినది. న్యాయమునకును మనకును మధ్య నున్న సొమ్ము గోడ మాత్రము తగ్గలేదు. ఈ యూరు ప్రతినిధిగా నాలుగుమార్లు శాసనసభకు పోయిన వావిలాల గోపాలకృష్ణయ్యగారు ఖద్దరు పంచెతో, చేతిసంచితో నిరాడంబరముగా బ్రతికి ప్రజాధనమన నెట్లు చూచుకొనవలెనో చూపిరి. అట్టివారి యూరిలో, ప్రజాధనము సక్రమముగా వ్యయమగుచున్నదా యని యడిగినవాడు నష్టపోవుట మనకు శోభస్కరమా?

కావున మేము కోరునవి యివి. మొదటిది, కంట్రాక్టు రిట్టులలో అర్జీదారు గెలిచినప్పుడు ఖర్చు లీయవలెను. ఈయనిచో ఒక్క వాక్యములోనైనను కారణము చెప్పవలెను. ఇందులకు క్రొత్త చట్టము వలదు. హైకోర్టు తన రిట్టు నిబంధనలలో నొక్క నియమము చేర్చిన చాలును. రెండవది, వ్యాజ్యము పడిన పిమ్మట ప్రభుత్వము తన ఉత్తర్వును తానే రద్దు చేసికొన్నచో, ఆ దినము వరకైన ఖర్చులు చెల్లించియే బయటపడవలెను. మూడవది, అన్యాయము తేలియు పనిని మార్చుటకు వీలుకానప్పుడు, టెండరు తయారుచేయుటకైన ఖర్చునైన నా తీర్పులోనే యిప్పింపవలెను. నాలుగవది, దురుద్దేశముతో వేసిన వ్యాజ్యమునకు అర్జీదారు పైనను అంతే కఠినముగా విధింపవలెను. ఐదవది, తమిళనాడు 1998లోను, కర్ణాటకము 1999లోను టెండరులకై చట్టములు చేసికొన్నవి. కేంద్రమున 2012లో వచ్చిన బిల్లు లోకసభ రద్దుతో మురిగిపోయినది. మన శాసనసభయు ఉత్తర్వులతో సరిపెట్టక ఒక చట్టము చేసి, అందులో అభ్యంతరమునకు గడువు, వినువారెవ్వరు, ఖర్చులెవ్వరివి అను మూడింటిని స్పష్టముగా వ్రాయవలెను.

ప్రభుత్వమును, న్యాయస్థానమును అడిగితిమి. మాలో మేము కూడ అడుగుకొనవలసినది కలదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. ఎన్ని అర్జీలలో మేము ఖర్చులు ప్రత్యేకముగా కోరుచున్నాము? "ఖర్చులతో సహా" అని టైపు గుమాస్తా అలవాటుగా కొట్టు మాట కోరిక గాదు. తీర్పు చెప్పు దినమున లేచి, "ఖర్చుల సంగతి విన్నవింపవలసి యున్నది" అని చెప్పు వకీళ్లెందరు? రశీదులతో లెక్కపత్రము దాఖలు చేయువారెందరు? మామూలు దావాలలోనే ఫీజు ధ్రువపత్రము వేయుట మరచి కక్షిదారు హక్కును పోగొట్టు సోదరులను మేమెరుగుదుము. కంట్రాక్టరు సోదరులకును మా మాట యొక్కటి. టెండరు వేసిన దినమునుండి ధరావతు రశీదు, బ్యాంకు కమీషను, నకళ్ల రుసుము, ప్రయాణపు టిక్కెట్లు, వకీలు రశీదు ఒక్క కవరులో దాచుకొనుడు. అభ్యంతరమును వ్రాతపూర్వకముగా ముందు శాఖకే యిండు. తేదీతో స్వీకృతి ముద్ర వేయించుకొనుడు. ఆలస్యము చేయకుడు, రమణ దయారామ్ శెట్టికి ఉపశమనము దక్కకపోవుటకు ఆలస్యమొక కారణమని మరువకుడు. ఖర్చులు నిరాకరింపబడినను అడిగినట్లు తీర్పులో నుండనిండు. నూరుసార్లు అడిగిన నూటొకటవసారి సమాధానము చెప్పక తప్పదు.

ఆ చిన్న కంట్రాక్టరు మరల నెన్నడును టెండరుపై కోర్టునకు పోలేదు. ఆ పిమ్మట రెండుమార్లు వానికి అన్యాయము జరిగినది. రెండుమార్లును తలవంచుకొని యూరకుండెను. "ఇంకొకసారి గెలిచే ఓపిక నాకు లేదండీ" అని మాతో ననెను. పాఠకులారా, ఆ మాటను మరల నొకసారి చదువుడు. ఓడిపోవుటకు భయపడు పౌరుడు ఎల్లదేశములలోను ఉండును. గెలుచుటకు భయపడు పౌరుని మనము తయారుచేసితిమి. అట్టివాడు నోరు మూసికొన్న దినమున లాభపడువా రెవ్వరో, నష్టపడు రోడ్డెవ్వరిదో మేము చెప్పనేల? తొలివానకు కొట్టుకొనిపోవు సిమెంటు రోడ్డు మీద నడచుచు పఠనమందిరమునకు వచ్చువారికి అది ముందే తెలియును.